కామకురాలో ఫునాకోషి స్మారక శిల దగ్గరికి వెళ్ళాలనుకునేవాళ్ళకి

ప్రశ్న: నాది షోటోకాన్ శైలి కరాటేలో బ్లాక్ బెల్ట్. ఆఫీసు పని మీద ఏప్రిల్ మూడో వారం నుంచి మూడు వారాలు టోక్యోలో ఉంటాను. ఆ శైలికి మూలపురుషుడు గిచిన్ ఫునాకోషి గారి సమాధి కామకురాలో ఉందట కదా. అక్కడ కరాటే డ్రెస్సులో ఒక కటా (వరసగా చేసే కదలికలు) చేసి వీడియో తీసి పంపమని మా మాస్టారు అడిగారు. ఎలా వెళ్ళాలి, అనుమతి కావాలా, ఏం పట్టుకెళ్ళాలి, అసలు దానికోసం ఒక రోజంతా పెట్టుకోవచ్చా?

జవాబు:

ముందు ఒక సవరణ చేసుకుందాం. అక్కడున్నది సమాధి కాదు, శిష్యులు నిలబెట్టిన స్మారక శిల. ఫునాకోషి గారు 1957 ఏప్రిల్ 26న టోక్యోలో పోయారు. పదకొండేళ్ళ తర్వాత, 1968 డిసెంబర్ 1న, షోటోకాయ్ అనే శిష్యబృందం కామకురాలోని ఎంగాకుజి అనే జెన్ గుడి ఆవరణలో దాన్ని పెట్టింది. సమాధి అనుకుని వెళ్తే మొక్కేసి వెనక్కొచ్చేస్తాం. స్మారక శిల అనుకుని వెళ్తే దాని మీద ఏముందో చూస్తాం. ఈ తేడా నాకు తెలిసింది మూడోసారి వెళ్ళినప్పుడు.

కాకినాడలో ఒక మునిసిపల్ హైస్కూలు గ్రౌండులో, ఇసకలో, చెప్పుల్లేకుండా కరాటే మొదలుపెట్టిన బాపతు నేను. తర్వాత ఉద్యోగం పేరుతో యోకోహామాలో ఆరేళ్ళున్నాను. అక్కణ్ణుంచి కామకురా అరగంట దూరం కూడా కాదు. ఇల్లు సర్దుకున్న మొదటి ఆదివారమే పరుగెత్తాను. గుళ్ళో నిలువెత్తు రాయి ఒకటి కనిపించింది. దాని మీద నాలుగైదు వరసల జపాన్ అక్షరాలు. ఇంకేముంది, బ్యాగు కింద పెట్టి, కాళ్ళు దగ్గరికి చేర్చి, నడుం వంచి ఒకటికి మూడుసార్లు నమస్కారం చేశాను. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి, అబద్ధమెందుకు. దారినపోయే ఒకాయన్ని బతిమాలి ఫొటో తీయించుకున్నాను. సోమవారం ఆఫీసులో ఆ ఫొటో చూపిస్తే జపాన్ సహోద్యోగి కాసేపు తటపటాయించి, ఎంతో మర్యాదగా, "ఇది హైకూ రాయి. శరదృతువు గురించి" అన్నాడు. కరాటేకీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గరుంది, మా ఇంట్లో పండగ పూట నవ్వుకోడానికి పనికొస్తోంది.

కాబట్టి మీకు మొదటి సలహా ఇదే: రెండు అక్షరాలు నేర్చుకుని వెళ్ళండి. శిల మీద నిలువుగా పెద్ద అక్షరాలతో ఉన్న వాక్యం "కరాటే ని సెంతే నాషి", కరాటేలో ముందు పడే చెయ్యి లేదు అని. ఫునాకోషి గారి ఇరవై సూత్రాల్లో రెండోది. ఇందులో "తే" అంటే చెయ్యి. అడ్డంగా మూడు గీతలు, వాటిని పైనుంచి చీల్చుకుంటూ దిగి అడుగున ఎడమ పక్కకి కొక్కెంలా తిరిగిన ఒక నిలువు గీత, అదీ ఆ అక్షరం. ఈ ఒక్క వాక్యంలో అది రెండుసార్లు వస్తుంది: కరా-తే లో ఒకసారి, సెన్-తే లో ఒకసారి. ఇంకోటి "కరా". పైన చిన్న పొడుగు చుక్క, దాని కింద పెంకుటింటి కప్పులాంటి గీత, ఆ కప్పు కింద చెరోవైపుకి జారిన రెండు కాళ్ళు, అడుగున ఇంగ్లీషు "ఐ" లాంటి ముక్క. కుంచె రాత కాబట్టి అచ్చులో ఉన్నంత నీటుగా ఉండదు, పోల్చుకోగలరు. మీ బెల్టు మీద జపాన్ అక్షరాల్లో కుట్టించుకుని ఉంటే వాటితో సరిచూసుకోండి. ఇవేవీ కుదరకపోతే టికెట్టు తీసుకునే చోటే ఆయన పేరు జపాన్ లిపిలో ఫోన్‌లో చూపించి అడిగెయ్యండి, చేత్తో దారి చూపిస్తారు. గుడి ఆవరణ పెద్దది, కొండ లోయలోకి పైపైకి పోతుంది. వెతుక్కుంటూ తిరిగితే గంట పోతుంది.

దారి చాలా సులువు. టోక్యో స్టేషన్లో యోకోసుకా లైను రైలెక్కితే మారక్కర్లేదు, గంటలోపే కితా-కామకురాలో దిగుతారు. జాగ్రత్త, "కామకురా" కాదు, దానికి ఒక స్టేషను ముందు వచ్చే "కితా-కామకురా". స్టేషను బుల్లిది, మన పల్లెటూరి హాల్టులా ఉంటుంది. దిగి రెండు నిమిషాలు నడిస్తే గుడి మెట్లే. చెప్పాలంటే ఈ రైలు గుడి పక్కనుంచి పోదు, గుళ్ళోంచే పోతుంది. 1889లో లైను వేసినప్పుడు గుడి స్థలాన్ని చీల్చుకుంటూ వేశారు. చెరువు పట్టాలకి అటుపక్క, గేటు ఇటుపక్క. లోపల మీరు ఎంత నిశ్శబ్దంలో ఉన్నా పదేసి నిమిషాలకోసారి రైల్వే గేటు గంట వినిపిస్తుంది. టికెట్టు ఐదువందల యెన్ల దాకా ఉంటుంది. సాయంత్రం నాలుగు, నాలుగున్నరకల్లా మూసేస్తారు కాబట్టి మధ్యాహ్నం భోంచేసి బయల్దేరదామనుకోకండి. ఎనిమిదిన్నరకల్లా గేటు దగ్గరుంటే అప్పుడే ఊడ్చిన నేల మీద చీపురు గీతలు కూడా చెరగకుండా ఉంటాయి.

ఇక కరాటే డ్రెస్సు, కటా, వీడియో. మీ మాస్టారి మనసు నాకు అర్థమైంది, మా మాస్టారు ఉంటే ఆయనా ఇదే అడిగేవారు. కానీ వద్దండి. ఎంగాకుజి 1282లో కట్టిన గుడి, ఈరోజుకీ సన్యాసులు ఉండి సాధన చేసే రింజాయి శాఖ జెన్ మఠం. ప్రవేశ రుసుం తీసుకుని మనల్ని ఒక భాగంలోకి రానిస్తున్నారంతే. అక్కడ "కియాయ్" అని అరిస్తే ఎలా ఉంటుందో, తిరుమలలో సుప్రభాతం వేళ మనం ఈల వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. జపాన్‌లో కరాటే వాళ్ళు డ్రెస్సు సంచిలో పెట్టుకుని డోజోకి, అంటే సాధన చేసే శాలకి, వెళ్ళి అక్కడ మార్చుకుంటారు. బెల్టు కట్టుకుని రోడ్డు మీద తిరగడం వాళ్ళకి ఎబ్బెట్టు. మామూలు బట్టల్లో వెళ్ళండి. ఫొటో, చేత్తో పట్టుకుని తీసే చిన్న వీడియో ఫర్వాలేదు, ట్రైపాడ్ తీయకండి. మా కుర్రాళ్ళ కోసం ఏదో ఒకటి చెయ్యాలి అనిపిస్తే, చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు, కాంకు దాయ్ అనే కటా మొదటి కదలిక ఒక్కటి చేసి ఆపెయ్యండి. రెండు అరచేతులూ కలిపి, వేళ్ళ మధ్య త్రికోణం చేసి, నెమ్మదిగా పైకెత్తి, ఆ సందులోంచి ఆకాశం చూడటం. చప్పుడుండదు, ఎవరికీ అడ్డుండదు. అది ఆయనకి ఇష్టమైన కటా. 1922లో కోడోకాన్‌లో జూడో పెద్దాయన జిగోరో కానో ముందు ఆయన చేసి చూపించింది కూడా ఇదే.

"సెంతే నాషి" గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు గోడ మీద రాయించి మరీ దీన్ని తప్పుగా చెప్తారు. "కరాటే ఆత్మరక్షణ కోసమే" అని. అది అర్థంలో సగం కూడా కాదు. "సెంతే" అంటే ముందు పడే చెయ్యి. గో, షోగి అనే జపాన్ బల్ల ఆటల్లో మొదటి ఎత్తు వేసేవాణ్ణి కూడా ఇదే మాటతో అంటారు. కరాటేలో ఆ మొదటి ఎత్తు మనది కాదు అంటున్నాడాయన. కొట్టడంలోనే కాదు, కయ్యం రేపే మాటలో, చూపులో, నిలబడే తీరులో కూడా. మీరు నేర్చుకున్న హియాన్ షోడాన్ కటా ఒకసారి గుర్తు తెచ్చుకోండి, మొదటి కదలిక ఎడమ పక్కకి తిరిగి గెడాన్ బరాయ్. కాపు కాసుకోవడం. మిగతా హియాన్‌లు కూడా చెయ్యి అడ్డం పెట్టడంతోనే మొదలవుతాయి, పంచ్‌తో కాదు.

ఈ సూత్రం రాసినాయనే ఒకసారి దాన్ని తప్పాడు. దాన్ని దాచుకోకుండా తన ఆత్మకథలో తనే రాసుకున్నాడు. యుద్ధం ముగిసిన కొత్తలో, ఎనభైకి దగ్గర పడ్డ వయసులో, చీకట్లో ఒంటరిగా ఇంటికి వస్తుంటే ఒక దొంగ మీదపడ్డాడు. వాడు గొడుగుతో కొట్టబోతే ముసలాయన తప్పించుకుని వాడి ఆయువుపట్టు, అంటే నిజంగానే వృషణాలు, ఒడిసి పట్టుకున్నాడు. వాడు కదల్లేకపోయాడు. అంతలో పోలీసు వచ్చాడు, అప్పగించాడు. మనమైతే ఈ కథని ఊరూరా చెప్పుకుని తిరుగుతాం. ఆయన మాత్రం తన మీద తనకే సిగ్గేసిందని రాశాడు. వాడు యుద్ధం నుంచి తిరిగొచ్చి పనీ పాటూ లేని కుర్రాడై ఉంటాడు, ఆకలికి చేసుంటాడు అని. నేనైతే ఆ శిల ముందు నిలబడ్డప్పుడల్లా ఆ గొడుగు దొంగనే తలుచుకుంటాను.

ఆ వాక్యానికి చేతిరాత ఎంగాకుజి పెద్ద గురువు సోగెన్ అసాహినాది. దానికి కుడి పక్కన ఫునాకోషి గారి కవిత ఉంటుంది, 1922లో ఒకినావా నుంచి టోక్యోకి వస్తూ రాసుకున్నది. దాని సారం: దక్షిణ సముద్రంలో ఒక దీవి, అక్కడొక అందమైన విద్య, అది క్షీణించిపోతోందే అన్న బాధ, దాన్ని మళ్ళీ నిలబెట్టేదెవరు, నేను కాకపోతే ఇంకెవరు, నీలాకాశం సాక్షిగా పూనుకుంటున్నాను. ఆ మాటలంటున్న మనిషికి అప్పుడు యాభై నాలుగో ఏడు నడుస్తోంది. బడిపంతులు ఉద్యోగం వదిలేసి, పెళ్ళాన్ని ఊళ్ళోనే ఉంచి, కటా భంగిమల ఫొటోలు అతికించిన చుట్టలు చంకన పెట్టుకుని వచ్చాడు. విద్యాశాఖ పెట్టిన వ్యాయామ ప్రదర్శనలో చూపించి వెనక్కి వెళ్ళిపోదామనుకున్నవాడు, అక్కడే ఉండిపోయాడు.

ఆ తర్వాతి రోజుల గురించి తెలుసుకుంటేనే ఆ కవిత బరువు తెలుస్తుంది. మెయిసెయ్ జుకు అని టోక్యోలో ఒకినావా విద్యార్థుల హాస్టలు. దాంట్లో చిన్న గది ఇచ్చినందుకు బదులుగా పగలు వాకిలి ఊడ్చేవాడు, తోటపని చేసేవాడు, రాత్రుళ్ళు హాలు ఖాళీ అయ్యాక కరాటే నేర్పేవాడు. ఒకరోజు ఆయన ఊడుస్తుంటే పత్రికా విలేఖరి వచ్చి, తోటమాలి అనుకుని, "ఫునాకోషి మాస్టారు ఎక్కడుంటారు?" అని అడిగాడట. "ఒక్క నిమిషం" అని లోపలికెళ్ళి, కిమోనో మార్చుకుని వచ్చి, "నేనే ఫునాకోషిని" అన్నాడట. డబ్బుల్లేక పాత టోపీ, చేనేత కిమోనో తాకట్టు పెట్టడానికి వెళ్తే, ఆ పాత బట్టలకి దుకాణం గుమాస్తా అనుకున్నదానికన్నా ఎక్కువిచ్చాడట. ఎందుకా అని చూస్తే ఆ గుమాస్తా తమ్ముడు ఈయన దగ్గర కరాటే నేర్చుకుంటున్నాడు.

పక్కనున్న రెండో రాయి మీద చిన్న అక్షరాలతో ఆయన జీవితం ఉంటుంది. రాసింది ఒహామా అని వాసెదా విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా చేసినాయన, ఆయనదీ ఒకినావా ప్రాంతమే. ఇక్కడే నాకు బాగా నచ్చిన సంగతి ఉంది. పుట్టిన సంవత్సరం 1870 అని చెక్కారు. మీ డోజో గోడ మీద ఫొటో కింద 1868 అని ఉంటుంది. రెండింట్లో ఏది తప్పు? 1868 నిజం. 1870 ఆయన స్వయంగా చేయించుకున్న తప్పు. కుర్రతనంలో టోక్యోలో వైద్యం చదవాలనుకున్నాడు. మెయిజీ చక్రవర్తి కాలం మూడో ఏడు, అంటే 1870లోనో ఆ తర్వాతో పుట్టినవాళ్ళకే ఆ పరీక్ష రాసే అర్హత అన్నారు. రికార్డులో రెండేళ్ళు దిద్దించేశాడు. పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టినతేదీ "సర్దిన" మన నాన్నల తరానికి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మా నాన్నకి కూడా అసలు పుట్టినరోజు ఒకటి, రిటైర్‌మెంట్ పుట్టినరోజు ఒకటి.

ఇంత చేసీ డాక్టరు కాలేదు, జుట్టు అడ్డొచ్చింది. ఆ రోజుల్లో ఒకినావా పెద్ద కుటుంబాల మగవాళ్ళకి సిగ ఉండేది. కొత్త మెయిజీ ప్రభుత్వం సిగలు తీసేయమంది. సిగ ఉంటే కాలేజీలో చేర్చుకోరు, తీస్తే ఇంట్లో ఒప్పుకోరు. చదువు మానేశాడు. ఇరవయ్యొకటో ఏట బడిపంతులు ఉద్యోగం కోసం చివరికి సిగ తీయించుకుని ఇంటికొస్తే, తండ్రి మొహం చూడలేదు, తల్లి వెనకగుమ్మంలోంచి పుట్టింటికి వెళ్ళిపోయింది. ఇప్పుడు మళ్ళీ ఆ రాయి చూడండి. శిల పెట్టిన 1968, నిజమైన లెక్కన ఆయన పుట్టి సరిగ్గా నూరేళ్ళు. ఆ రాయి మీదేమో 1870, దాని ప్రకారమే, పుట్టిన ఏడునీ పోయిన ఏడునీ కలుపుకునే జపాన్ పాత పద్ధతిలో, ఎనభై ఎనిమిదేళ్ళు బతికాడని కూడా లెక్క కట్టి చెక్కారు. ఒక కుర్రాడు పరీక్ష కోసం ఆడిన అబద్ధం గుళ్ళో గ్రంథమై కూర్చుంది. మీ మాస్టారికి వీడియోకి బదులు ఈ సంగతి చెప్పండి, ఆయనకి నచ్చకపోతే నన్నడగండి.

ఇక "కరా" దగ్గరికి వద్దాం. మనకి నిజంగా చుట్టరికం ఉన్నది ఇక్కడ. మొదట్లో ఈ విద్య పేరులో "కరా" అంటే "చైనా" అని రాసేవాళ్ళు, చైనా చెయ్యి. అదే ఉచ్చారణ ఉన్న ఇంకో అక్షరంతో, "ఖాళీ" అనే అర్థంతో రాయడం ఒకినావాలో 1905 నాటికే ఒకచోట కనిపిస్తుంది. టోక్యోలో దాన్ని నిలబెట్టింది ఫునాకోషి, 1929లో కెయో విశ్వవిద్యాలయం కరాటే బృందం మొదలుకొని. చైనా అన్న మాట తీసేయడానికి ఆ కాలపు రాజకీయాలు కూడా కారణమే, అది కాదనలేం. కానీ ఆయన చెప్పుకున్న కారణం వేరు. "ఖాళీ చేతులు" అంటే ఆయుధం లేకపోవడం ఒక్కటే కాదన్నాడు, జెన్ గుళ్ళలో రోజూ చదివే ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రంలోని మాట చూపించాడు: "షికి సొకు జె కూ, కూ సొకు జె షికి." సంస్కృతంలో అదేమిటో చూడండి: రూపం శూన్యతా, శూన్యతైవ రూపం. ఆ "కూ", కరాటేలో "కరా", కాంకులో "కు", అన్నీ ఒకే అక్షరం. దానికే ఆకాశం అని కూడా అర్థం. మన పాత గణితంలో సున్నాకి గగనం, ఖం, ఆకాశం అని పేర్లు పెట్టినవాళ్ళం మనం, మనకి ఇది వివరించాలా? శూన్యతని తత్వంగా కట్టిన నాగార్జునాచార్యుడు కృష్ణ ఒడ్డున శ్రీపర్వతం మీద ఉన్నాడని సంప్రదాయం, మన నాగార్జునకొండ.

ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. ఒక చలికాలం పొద్దున శిల దగ్గర్నుంచి వెనక్కి వస్తుంటే లోపల మందిరంలో సూత్రం చదువుతున్నారు. చెక్క డోలు ఒక్కో అక్షరానికి ఒక్కో దెబ్బ, అందరిదీ ఒకే గొంతు, ఎత్తూ పల్లం లేదు. ఏమీ అర్థం కాక నడుస్తున్నాను. ఆఖర్న వచ్చింది: "గ్యాతే గ్యాతే హరగ్యాతే హరసో గ్యాతే, బోజి సోవాకా." కాళ్ళు ఆగిపోయాయి. చివరి మాట "స్వాహా". గతే గతే పారగతే పారసంగతే బోధి స్వాహా. చిన్నప్పుడు హోమం దగ్గర పొగకి కళ్ళు నలుపుకుంటూ విన్న మాట, అంత దూరం వెళ్ళి, చైనా మీదుగా జపాన్ నాలుక మీద అరిగిపోయి, "సోవాకా" అయి కూర్చుంది.

దీంతో పాటు ఒక హెచ్చరిక. "కరాటే మనదే, బోధిధర్ముడు నేర్పాడు" అని అక్కడ ఎవరితోనూ అనకండి. బోధిధర్ముడు షావోలిన్‌లో కసరత్తులు నేర్పాడన్నది చాలా తర్వాతి కాలంలో అల్లిన కథ. ఫునాకోషి కూడా తన పుస్తకాల్లో ఆ కథని చెప్పాడు, నిజమే. చరిత్రకారులు మాత్రం ఒప్పుకోరు. ధ్యానం అన్న మాట చైనాలో "చాన్" అయి జపాన్‌లో "జెన్" అయింది, అంతవరకు ఖాయం. కరాటే ఒకినావాది. రాత్రిపూట, తన గురువైన అన్కో అజాతో గారి ఇంటి పెరట్లో, గుడ్డి దీపం వెలుగులో, ఒకే కటా నెలల తరబడి "మళ్ళీ చెయ్యి" అనిపించుకుంటూ ఫునాకోషి నేర్చుకున్నది. మూడు టెక్కి కటాలకి పదేళ్ళు పట్టిందట. మన దగ్గర మూడు నెలలకో బెల్టు.

ఏం పట్టుకెళ్ళాలి అంటే, ఏమీ వద్దు. కొబ్బరికాయ కొట్టకండి, దండ వేయకండి, రాయికి బొట్టు పెట్టకండి. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఒక బృందం అలా చేయబోతే నేనే ఆపాను. ప్రధాన మందిరంలో బుద్ధుడి ముందు పెట్టెలో మధ్యలో చిల్లున్న ఐదు యెన్ల బిళ్ళ వెయ్యండి. "ఐదు యెన్లు" అన్నా "బంధం" అన్నా జపాన్ భాషలో పలకడానికి ఒకటే, "గోయెన్", అందుకని వాళ్ళు ఆ బిళ్ళే వేస్తారు. చేతులు జోడించాలి, చప్పట్లు కొట్టకూడదు. చప్పట్లు షింటో గుళ్ళలో, ఇది బౌద్ధ గుడి. శిల దగ్గర డోజోలో వంగినట్టే వంగండి, వచ్చినప్పుడొకసారి, వెళ్ళేటప్పుడొకసారి. ఇరవై సూత్రాల్లో మొదటిది అదే కదా, నమస్కారంతో మొదలై నమస్కారంతో ముగుస్తుంది.

మీరు ఏప్రిల్ ఆఖర్లో అక్కడుంటారు కాబట్టి ఇది చెప్పాలి. ఏటా ఏప్రిల్ 29న షోటోకాయ్ వాళ్ళు ఆ శిల దగ్గర ఆయన్ని తలుచుకునే కార్యక్రమం చేస్తారు. అది వాళ్ళ కుటుంబ వ్యవహారంలాంటిది. మీరు వెళ్తే వెనక నిలబడి చూడండి, ముందుకి తోసుకెళ్ళి సెల్ఫీ అడగొద్దు. ఆ రోజు జపాన్‌లో సెలవు కూడా, వరస సెలవులకి మొదలు, రైళ్ళు కిటకిటలాడతాయి. తీరిగ్గా చూడాలంటే ఇంకో మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి.

మీది ఎక్కువమంది మనవాళ్ళలాగే జేకేఏ (జపాన్ కరాటే అసోసియేషన్) పరంపర అయ్యుంటుంది. ఆ శిల పెట్టింది షోటోకాయ్. ఈ రెండూ వేరు, ఆ చీలిక ఆయన పోయిన రోజుల్లోనే, అంత్యక్రియలు ఎవరు జరపాలన్న తగువుతో బయటపడింది. పోటీలంటే ఆయనకి గిట్టేది కాదు, జేకేఏ మొదటి జాతీయ పోటీలు ఆయన పోయిన ఏడాదే, 1957లోనే, జరిగాయి. పెద్దాయన పోయిన ఇంట్లో పంపకాలు ఎలా ఉంటాయో మనకి కొత్తా? ఒక్కో జిల్లాలో ఎన్ని కరాటే సంఘాలున్నాయో మీకూ తెలుసు. శిల ముందు మాత్రం మీ బెల్టు ఎవరిచ్చారని ఎవరూ అడగరు, నన్ను అడగలేదు.

ఒక రోజు పెట్టొచ్చా అన్నారు. పెట్టొచ్చు, మిగతా రోజుకీ అక్కడే పని ఉంది. గేటు దాటి కుడిపక్క నిట్టనిలువు మెట్లెక్కితే 1301లో పోతపోసిన పెద్ద గంట ఉంటుంది, మోకాళ్ళు సహకరిస్తే ఎక్కండి. ఇంకోపక్క కోజిరిన్ అని గృహస్థులు ధ్యానం చేసుకునే శాల. అది ఒకప్పుడు టోక్యోలో యాగ్యూ వంశం కత్తిసాము డోజో, 1928లో విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. బయటివాళ్ళకి ధ్యానం నేర్పే సమయాలు గుడి వెబ్‌సైటులో పెడతారు, ముందే చూసుకోండి. సినిమా పిచ్చి ఉంటే దర్శకుడు ఓజు సమాధి కూడా ఇదే గుళ్ళో ఉంది. రాయి మీద పేరుండదు, "మూ" అనే ఒకే అక్షరం, లేకపోవడం అని అర్థం. జనం అక్కడ సారా సీసాలు పెట్టి పోతుంటారు. మీరు శాకాహారులైతే కామకురా కెన్‌చిన్ జిరు అడగండి, కూరగాయలూ టోఫూ వేసి కాచే పులుసు, పక్కనున్న కెంచోజి గుడి పేరు మీద పుట్టిందంటారు. హోటళ్ళలో దానికి చేపరసం కలుపుతారు కొందరు, అడిగి తినండి.

ఒకినావా కూడా వెళ్ళాలా అంటే, టోక్యో నుంచి నహాకి విమానంలో మూడు గంటల లోపే, శని ఆదివారాలు చాలు. అక్కడ ఓనొయామా పార్కులో ఫునాకోషికి ఇంకో స్మారకం ఉంది, మత్సుయామా పార్కులో గోజు-ర్యూ అనే ఇంకో కరాటే శైలి గురువులు హిగావొన్నా, మియాగీలది ఉంది. తోమిగుసుకులో 2017లో తెరిచిన కరాటే కైకాన్‌లో మ్యూజియం చూడొచ్చు. ఫునాకోషి పుట్టిన షూరిలో కోట ప్రధాన భవనం 2019లో కాలిపోయింది, ఆ ఊరి వీధుల్లో నడవడానికి మాత్రం వెళ్ళొచ్చు. కానీ ఈసారికి సెలవు దొరక్కపోతే బెంగపడకండి, కామకురా ఒక్కటి సరిగ్గా చూడండి.

మీ మాస్టారికి ఏదైనా చేతికివ్వాలి కదా. గుళ్ళో "గోషుయిన్" అని ఉంటుంది. ఒక చిన్న మడతల పుస్తకం కొంటే, అందులో కుంచెతో గుడి పేరూ ఆ రోజు తేదీ రాసి, ఎర్ర ముద్ర వేసి ఇస్తారు. కొన్ని వందల యెన్లు. జనం ఎక్కువుంటే రాయడానికి సమయం పడుతుంది. లోపలికి వెళ్ళగానే పుస్తకం వాళ్ళకి ఇచ్చేసి, శిల చూసుకుని, తిరిగొచ్చేటప్పుడు తీసుకోండి. సిరా తడారకుండా మూసెయ్యకండి, మధ్యలో ఒక పల్చటి కాగితం పెట్టి ఇస్తారు, అది ఇండియా వచ్చేదాకా అలాగే ఉంచండి.